సీసా లేకుండా బస్సెక్కిన అత్త

మా కేంటీన్ అత్త పోయింది. మంగళవారం పొద్దున్న పాలవాడు రెండుసార్లు పిలిచినా పలక్కపోతే కొడుకు వెళ్ళి చూశాడు. మంచం మీద కూర్చుని, గోడకు ఆనుకుని నిద్రపోయినట్టే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. డాక్టరు వచ్చి చూసి, నిద్రలో గుండె ఆగిందని కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మధ్యాహ్నమయ్యేసరికి మా ఖుర్సీపార్ వీధి ఇంకో కారణం రాసేసుకుంది. "కనపడ్డ గుడిసెల్లా దూరి నీల్లు తాగింది. మరేటవుద్ది?" అన్నారు. శవం లేవకముందే అన్నారు. అన్నవాళ్ళు ఇది చదువుతారు. చదవాలనే రాస్తున్నాను. అత్త డెబ్భై ఒకటో ఏట, ఒక్కరోజు మంచాన పడకుండా పోయింది. ఆవిడ తాగిన నీళ్ళలో ఏ తప్పూ లేదు.

నేను మాటకారిని కాను. నాది సైకిల్ షాపు. బడికి పోలేదు. షాపు పద్దులు రాసుకోవడం కోసం ఒక్కొక్క అక్షరం నాకు నేనే నేర్చుకున్నాను. పద్దు కాక వేరేది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో మాత్రం తప్పు లేదు.

అత్త నాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి భర్తతో ఈ ఉక్కు ప్లాంటు ఊరికి వచ్చింది. ప్లాంటులో పనిచేసే ఆయన జబ్బు చేసి పోతే ఈవిడకి అక్కడే కేంటీన్ పని ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళు పెద్ద కెటిల్ మోసుకుని, ప్లాంటులో యంత్రాలుండే ఒక్కో షెడ్డుకీ తిరిగి టీ పోసింది. కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి ఉండేది. రిటైరైన రోజు వేసిన పూలదండ తీసి మేకకి పెట్టి, మా అరుగు మీద చతికిలబడింది.

"అల్లుడా, ఇరవయ్యారేల్లు నాను పోసినాను. ఇంక ఎవులైనా పోస్తే తాగుతాను."

వేళాకోళం అనుకున్నాను. కాదని జలపాతం టూరులో తెలిసింది.

వీధిలో వాళ్ళందరం కలిసి బస్సు మాట్లాడుకుని జలపాతం చూడ్డానికి వెళ్ళాం. దారిలో టైరు పంక్చరైంది. అందరం బస్సులోనే కూర్చుని, తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళు తాగుతూ చిప్స్ తింటున్నాం. అత్త దిగి, రోడ్డు పక్కన ఉన్న పెంకుటింటికి నడిచి వెళ్ళింది. టైరు మార్చాక హారను కొడితే ఆ ఇంటి గుమ్మంలోంచే చెయ్యి ఊపింది.

"మీరు ఎల్లిరండి! తిరిగొచ్చినప్పుడు ఇక్కడే ఎక్కుతాను!"

అందరూ తిట్టుకున్నారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ ఇంటి ముసలావిడతో కలిసి చింతపండు గింజలు తీస్తోంది. బస్సెక్కగానే ఎవరో దెప్పారు. "అంత డబ్బెట్టి వచ్చి జలపాతం సూడకపోతివి గదా అత్తా?"

"మీరేటి సూసినారు?"

"నీల్లు. అంత ఎత్తు మీంచి."

"నానూ నీల్లే సూసినాను. చెంబులో. మీ నీల్లు మిమ్మల్ని ఏ ఊరని అడిగినాయా? నన్ను అడిగినారు."

ఆ తర్వాత ప్రతి బుధవారం, అంటే నా షాపు మూసే రోజు, అత్త పవర్ హౌస్ అనే మా బస్టాండులో ఏదో ఒక బస్సెక్కేది. ఏ ఊరి బస్సని చూసేది కాదు. చివరి స్టాపు దాకా టిక్కెట్టు తీసేది. కొడుక్కి భయమేసి, "నువ్వైనా ఎంట ఎల్లన్నా" అని నన్ను బతిమాలాడు. అలా నేను తోడు పడ్డాను.

మొదటిరోజు నా సంచిలో నీళ్ళ సీసా చూసి, తీసి బస్టాండు బెంచీ మీద పెట్టించింది.

"ఇది ఉంటే నీకు ఎవులితో పని? దాహం తీరిపోద్ది, ఊరు మిగిలిపోద్ది."

ఆవిడ పద్ధతి అదే. దాహం వేసేదాకా నడవడం, దాహం వేశాక ఒక గుమ్మం ముందు ఆగి నీళ్ళడగడం. ఇచ్చింది చివరిదాకా తాగాలి. ఏ కులమని అడగకూడదు. డబ్బు చూపించకూడదు. కొంగున మాత్రం టీపొడి పొట్లం, చిన్న అల్లం ముక్క ఉండేవి. మాట కలిశాక వాళ్ళ పొయ్యి అడిగి టీ పెట్టి అందరికీ పోసేది. "తాగినోలు పొయ్యాల, పోసినోలు తాగాల" అనేది. పాలు లేకపోతే నల్ల టీయే. బాలోద్ దాటాక ఒక ఊళ్ళో ఇరవై మందికి పోసింది. ఆ భుజం పైకి లేవదు గాని, ఒక్క చుక్క కింద పడలేదు.

మజ్జిగ ఇచ్చేవారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉప్పువేసి, ఆ పుల్లటి నీళ్ళు గిన్నెలో వంచి ఇచ్చేవారు. వాళ్ళు దాన్ని బాసీ అంటారు. మొదటిసారి తాగినప్పుడు అత్త గిన్నె దించి, వాసన చూసి, మళ్ళీ ఒక గుక్క తాగింది. "మాయమ్మ తరవాణి ఇది. ఇంతదూరం ఎలగొచ్చింది?" అంది. ఆ ఇంటావిడకి తెలుగు రాదు. అయినా అర్థమైనట్టు మళ్ళీ గిన్నె నింపింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి ఇప్పచెట్టు కింద పూలేరుతున్న ముసలి దంపతులు మమ్మల్ని కూర్చోబెట్టారు. ముసలాయన ఆకుదొన్నెలో ఇప్పసారా పోశాడు. తాగబోయే ముందు రెండు చుక్కలు నేలమీద ఒంపాడు. ఎందుకని అత్త అడిగింది. ముందు వెళ్ళిపోయినవాళ్ళకి, వాళ్ళకి పొయ్యకుండా మనమెలా తాగుతాం అన్నాడాయన. అత్త కూడా రెండు చుక్కలు ఒంపి, మొగుడి పేరు చెప్పుకుని, దొన్నె ఖాళీ చేసింది. నేను తాగనని తెలిసి ఆయన నాకు పూలే ఇచ్చాడు. ఆ రోజు నుంచి అత్త ఇంట్లో టీ తాగినా రెండు చుక్కలు నేలమీద ఒంపేది. కోడలు గచ్చు తుడవలేక తల పట్టుకునేది.

ఆ సంగతి నా నోటి నుంచే మా ఇంట్లోకి, మా ఇంట్లోంచి వీధిలోకి పాకింది. కుళాయి దగ్గర ఒకావిడ అడగనే అడిగింది. "ఏటత్తా, అడివిలో కూకుని సారా తాగినావంట?"

"తాగినాను. ఒక దొన్నె. మీ ఆయన రోజూ ఎన్ని తాగుతన్నాడో అదీ సెప్పు, రెండూ ఒకపాలే మాటాడుకుందుం."

ఆవిడ సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇక నేను చెప్పవలసింది చెప్పాలి. ఇది చెప్పకుండా అత్త గొప్పది అని రాస్తే అబద్ధమవుతుంది.

ఒక బుధవారం ఊరు దాటి, విడిగా ఉన్న నాలుగైదు ఇళ్ళ దగ్గర ఆగాం. ఒకావిడ, నా వయసే ఉంటుంది, నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళబోయి ఆగింది. ముందు తమ కులమేదో చెప్పింది. తర్వాత అడిగింది. "హమర్ ఘర్ కే పానీ పీబే, దాయీ?" మా ఇంటి నీళ్ళు తాగుతావా అమ్మా అని.

"తేవే తల్లీ, నాలిక పీక్కుపోతంది" అని అత్త తెలుగులోనే అంది.

ఇద్దరికీ రెండు ఇత్తడి చెంబులతో తెచ్చింది. అత్త గటగటా తాగింది. నేను ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని గోడ పక్కకి వెళ్ళి, ఆనపపాదు మొదట్లో చెంబు ఒంపేశాను. ఖాళీ చెంబు తెచ్చి ఇచ్చి మూతి తుడుచుకున్నాను. ఆవిడ చెంబు అందుకుని, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నీళ్ళు తేటగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. కారణం నీళ్ళలో లేదు. ఈ మూడు మాటలు రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పవర్ హౌస్‌లో దిగాక రోడ్డు దాటబోతూ ఆగింది.

"కేంటీన్‌లో సేరిన కొత్తలో, నా సేత్తో టీ పోస్తే కొందరు అక్కడ తాగీవోలు కాదు అల్లుడా. గ్లాసు అందుకునీవోలు, నవ్వీవోలు, ఆ ఎనక పైపు కాడికి ఎల్లి ఒంపీసీవోలు. నాకు తెల్దనుకునీవోలు."

"నీకెలా తెలిసింది?"

"అక్కడ సీమలు పట్టీవి. పంచదార టీ గదా. రోజూ అటంటే ఎల్లీదాన్ని. సీమల్ని సూసి ఎందరు ఒంపీసినారో సెప్పీగల్దును." నా భుజం మీద చెయ్యి వేసింది. "నీల్లకి సీమలు పట్టవు. అయినా ఆవిడికి తెలిసిపోద్ది. ఒచ్చే బుధారం మల్లీ అక్కడికే ఎల్దుం."

నేను వెళ్ళలేదు. పని ఉందన్నాను. ఆ తర్వాత కూడా ఏదో ఒకటి చెప్పాను. వేరే ఊళ్ళకైతే తోడు వెళ్ళాను. ఆ ఇంటికి మాత్రం అత్త ఒక్కతే వెళ్ళేది. వచ్చి, "మీ నీల్లావిడ అడిగింది" అనేది. ఏమని అడిగిందో నేను అడగలేదు. ఇంకొక్క మాట కూడా అత్త అనలేదు. ఎప్పుడో ఒక బుధవారం వెళ్దాంలే అనుకుంటూ వచ్చాను. ఇక అత్తతో వెళ్ళే బుధవారం లేదు.

పదకొండో రోజు కర్మ. వీధిలో షామియానా వేశారు. బల్ల మీద అత్త ఫోటో, పక్కన ఆవిడ పాత కెటిల్. విస్తళ్ళు వేస్తుండగా షామియానా అంచున ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆ నీళ్ళావిడ, ఆవిడ భర్త. అత్త రాలేదేమని ఫోను చేస్తే కొడుకు సంగతి చెప్పాడట. మూడు బస్సులు మారి వచ్చారు. ఆవిడ చేతిలో అదే ఇత్తడి చెంబు, మూతికి గుడ్డ కట్టి ఉంది.

మా సంఘం పెద్ద ఒకాయన ఎదురెళ్ళాడు. "కౌన్? బాహర్ బైఠో, బాహర్." ఎవరు, బయట కూర్చోండి బయట అని.

"దాయీ లా పానీ దే బర్ ఆయే హన్" అందావిడ. దాయికి నీళ్ళివ్వడానికి వచ్చాం అని. పోయినవాళ్ళకి అయినవాళ్ళు వచ్చి నీళ్ళివ్వడం ఇక్కడి ఊళ్ళలో ఆచారం. తమ బావి నీళ్ళంటే దాయికి ఇష్టమని మోసుకొచ్చింది.

పెద్దాయన మావైపు తిరిగి తెలుగులో అన్నాడు. "కర్మకాడ ఎవులి నీల్లు బడితే ఆ నీల్లేటి? ఆ కాలవలో పోసీమనండి. బైట రెండు విస్తల్లు ఎయ్యండి సాలు."

కొడుకు తల దించుకున్నాడు. మంచివాడే. రేపు పిల్ల పెళ్ళికి ఈ పెద్దలే రావాలి. ఆవిడకి తెలుగు రాకపోయినా కాలవ వైపు చూపించిన వేలు అర్థమైంది. చెంబు గుండెకి దగ్గరగా పట్టుకుంది.

నేను లేచాను.

"ఏటి, నువ్వు కూడా మాటాడతావేటి?" అన్నాడాయన. ఎవరో నవ్వారు.

"మాటాడతాను పెద్దాయినా. ఈవిడి నీల్లు నానొకసారి పారబోసినాను. అత్తకి తెలిసింది, ఈవిడికీ తెలిసింది. ఇంకోసారి పారబొయ్యను. ఎవులినీ పారబొయ్యనివ్వను. కాలవలో పోస్తానంటే ముందు నన్ను దాటి ఎల్లండి."

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. ఆవిణ్ణి ఫోటో దగ్గరికి తీసుకెళ్ళాను. గుడ్డ విప్పింది. ఫోటో ముందు నేలమీద కొన్ని నీళ్ళు ఒంపింది. నేను వంగి, దోసిలి మూతి దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ పోసింది. తాగాను. ఆగలేదు, పోస్తూనే ఉంది. నేనూ ఆపలేదు. మోచేతుల మీంచి చొక్కాలోకి కారాయి. తల ఎత్తేసరికి నా పక్కన ఇంకో దోసిలి ఉంది. అత్త కొడుకుది. అతని వెనక కోడలు.

ఏడుగురు భోజనం చెయ్యకుండా లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనివ్వండి. ఆ ఇద్దరూ లోపల, మా పంక్తిలో, ఫోటోకి ఎదురుగా కూర్చుని తిన్నారు. భోజనాలయ్యాక అత్త కెటిల్ కడిగి, అల్లం దంచి టీ పెట్టాను. నా చేత్తో పోశాను. బల్ల మీద కొంత ఒలికింది. నాకు అత్త చెయ్యి రాలేదు.

రేపటి నుంచి మళ్ళీ అంటారు. నన్నూ అంటారు. అనండి. వచ్చే బుధవారం షాపు మూసి, సీసా లేకుండా బస్సెక్కుతున్నాను. ఎక్కడికని ఎవరైనా అడిగితే, ఈసారి పని ఉందని చెబుతాను, ఆ ఇంటి దగ్గరే.

సాయంత్రం వాళ్ళిద్దరినీ పవర్ హౌస్ దగ్గర బస్సెక్కించాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే నా వైపు చూసి నవ్వింది.

"ఏ దారీ నై ఫేంకే, భయ్యా." ఈసారి పారబోయలేదే అని.

చెంబు కిటికీలోంచి బయటకి చాచి, బోర్లించి చూపించింది. అంచున ఒక్క చుక్క వేలాడింది. బస్సు కుదుపుకి అది రోడ్డు మీద పడింది.