పక్కింటి ప్రొటెస్టెంట్ అక్క

నా చిన్నప్పుడు, మూడో తరగతిలో ఉండగా, రోజూ సాయంత్రం తులసికోట చుట్టూ నూట ఎనిమిది సార్లు తిరిగేదాన్ని. లెక్క తప్పకుండా చుట్టుకో చింతపిక్క పక్కన పెట్టేదాన్ని. ఇంట్లోవాళ్లు భక్తి అనుకున్నారు. అది భయం.

మాది నౌపడ. ఒక వేసవి మధ్యాహ్నం ఉప్పు మడుల్లో ఉన్న నాన్నకి అమ్మ అన్నం పట్టుకెళ్లింది. నేను బడి నుంచి ముందే వచ్చేశాను. మంచం పట్టిన నాయనమ్మ నీళ్లడిగింది. ఆటలో ఉండి "ఉండవే" అన్నాను. తల ఎత్తి చూసేసరికి నాయనమ్మ కళ్లు కదలడం లేదు. పారిపోయాను. నేనక్కడ ఉన్నానని ఎవరికీ తెలియదనుకున్నాను.

"కోడలు గుక్కెడు నీళ్లు పోయలేదు" అన్నాడు తాతయ్య. ఆ తర్వాత అమ్మతో మాట్లాడటం మానేశాడు.

పక్కింటి అక్క మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. గోడ మీంచి చూసి, "ఏటే గుంటా, కోట అరిగిపోతాది" అంది.

"మీ గుడిలో ఎన్నిసార్లు తిరగాలక్కా?"

"మాకు లెక్క లేదే."

ఎందుకు లేదో అప్పుడు చెప్పింది. అయిదొందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక సన్యాసి తన తప్పులు గురువు దగ్గర గంటల తరబడి ఒప్పుకునేవాడట. అయినా ఏదో మిగిలిపోయిందని కుమిలిపోయేవాడట. చర్చి పెద్దలేమో చనిపోయినవాళ్ల శిక్ష తగ్గించే చీట్లు అమ్మేవారట. బైబిల్ చదవగా చదవగా, క్షమ దేవుడు ఊరికే ఇచ్చేదని, కొలిచి సంపాదించేది కాదని ఆయనకి తోచిందట. తొంభై అయిదు అభ్యంతరాలు రాశాడట. తర్వాత ఆయన పక్షాన కొందరు రాజులు నిండుసభలో లేచి, ఆ బోధని ఆపడానికి మా మనసు ఒప్పదని చెప్పారట. అలా ఎదురు చెప్పినవాళ్లకే ప్రొటెస్టెంట్లని పేరు.

"అయితే తప్పు సేసినోళ్లు ఊరికే ఉండిపోవచ్చా?"

అక్క నా ముఖంలోకి చూసింది. "నీ బదులు ఎవరైనా మాట పడతన్నారేటి?"

ఆ రోజు చుట్లు సగంలోనే ఆపేశాను. తాతయ్య ఎదుట నిలబడి అంతా చెప్పాను. ఆయన లేచి వంటింటి గుమ్మం దగ్గరికెళ్లి, "అమ్మా, కూడెట్టు" అన్నాడు. పందొమ్మిది రోజుల తర్వాత అమ్మతో ఆయన అన్న మొదటి మాట అది.

అమ్మ ముఖంలో మాత్రం ఆశ్చర్యం కనిపించలేదు. పారిపోయిన రోజు నా పుస్తకాల సంచి నాయనమ్మ మంచం పక్కనే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడది కొక్కేనికి తగిలించి ఉంది; రోజూ దాన్నలా తగిలించేది అమ్మే.

ఇప్పుడు అమ్మ లేదు. నా తప్పుకి ఇంకొకరు మాట పడుతుంటే ఒక్క పూట కూడా ఊరుకోలేను. అయినా ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో, ఆ పందొమ్మిది రోజులూ నాకు జడ వేస్తూ అమ్మ ఏమనుకునేదోనని వెనక్కి తిరిగి చూస్తాను.