పైడమ్మ పెరట్లో కొక్కెర తెగులు

1996 వేసవి మొదట్లో నర్సీపట్నం పశువుల ఆస్పత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. పేరు పెద్దదే కాని, పశువైద్యుల కొలువులో అది మొదటి మెట్టు. నా కింద ఒక లైవ్‌స్టాక్ అసిస్టెంటు, ఒక అటెండరు ఉండేవారు. గేదెలూ ఎడ్లూ ఆస్పత్రికి నడిచొస్తాయి. కోళ్ళ దగ్గరికి మాత్రం మేమే వెళ్ళాలి. కోడికి జబ్బు చేసిందని ఎవరూ బస్సెక్కి రారు. అందుకే ఎండలు ముదిరేలోపు ఊరూరా తిరిగి కొక్కెర తెగులుకు టీకాలు వేసేవాళ్ళం.

ఆ తెగులు సోకిన కోడి మూలకు చేరి కునుకుతుంది. రెట్ట ఆకుపచ్చగా పడుతుంది, మెడ మెలితిరుగుతుంది. మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దారి. పొడిగా వచ్చే ఆ టీకాను సెలైన్‌లో కలిపి, ఐసు మధ్య ఉంచి, ఆలస్యం చేయకుండా వాడెయ్యాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఊళ్ళో తెగులు అప్పటికే దిగి ఉంటే, పైకి చలాకీగా తిరిగే కోడి లోపల కూడా రోగం నడుస్తూ ఉండవచ్చు. అలాంటిదానికి ఈ టీకా పడితే చావు ఇంకా తొందరగా వస్తుంది. అందుచేత సూది తీసేముందు, ఈ మధ్య కోళ్ళేమైనా చచ్చాయా అని అడిగి తెలుసుకోవాలి.

మాకవరపాలెం వైపు ఒక ఊళ్ళో మా పనికి ఏర్పాట్లన్నీ చేసింది పైడమ్మ అనే రైతు ఇల్లాలు. ఆమె పెరడు చూడవలసిందే. నాటు పెట్టలు, పందెపు జాతి పుంజు, మెడమీద ఈకలుండని రకం, మా శాఖ పంచిన గిరిరాజ కోళ్ళు, అన్నీ ఒకే పెరట్లో. గిరిరాజ గుడ్లు పెడుతుంది కాని పొదగదు. ఆ గుడ్లను పైడమ్మ పొదుగుడుకొచ్చిన నాటు పెట్ట కింద పెట్టి పిల్లల్ని లేపేది. ఆమె చేతికిస్తే పిల్ల దక్కుతుందని ఊరి ఆడవాళ్ళు తమ పెట్టల్ని ఆమె దగ్గర పాలుకు ఉంచేవారు. పెట్ట సొంతదారుది, పెంపకం పైడమ్మది, పిల్లలు చెరిసగం. ఆ ఇంట్లో ఉప్పూ పప్పూ ఆ పెరటి మీదే నడిచేవి. భర్త నడుం పడిపోయి మంచం మీద ఉన్నాడు.

టీకాల రోజు పొద్దున్నే ఆమె ఇంటింటికీ తిరిగి కోళ్ళను గంపల కింద మూయించింది. ఆనవాయితీగా అడిగాను.

“సచ్చినియ్యేటీ నేవు బాబూ. బేగి ఏసీండి, ఎండెక్కిపోద్ది,” అంది.

వేశాం. మూడో నాటికి ఆ ఊరి నుంచి కబురొచ్చింది, కోళ్ళు గంపలకు గంపలు పడిపోతున్నాయని. నేను వెళ్ళేసరికి పైడమ్మ వాకిట్లో చచ్చిన కోళ్ళు కుప్పగా ఉన్నాయి. జనం మూగి ఉన్నారు. మధ్యలో పైడమ్మ బావగారు సన్యాసిరావు. ఊరి అమ్మవారి పండగ జరిపించే పెద్ద ఆయనే.

“సూదెట్టకముందు తిరిగేయి. సూదెట్టినాక పడిపోనాయి. ఇంకేటి సెప్తారండీ తమరు?” అన్నాడాయన. పండగ కాకముందే కోళ్ళ ఒంట్లో ఇనుము దింపితే అమ్మవారు ఊరుకోదని కూడా అన్నాడు.

వాదం నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల నుంచి సభల్లో మూఢనమ్మకాలతో తలపడినవాణ్ణి. చావుకు కారణం కంటికి కనిపిస్తుండగా దేవత పేరు చెప్పి తప్పించుకోవడం నాకు ఎన్నడూ సహించలేదు. గచ్చుమీద గోనె పరిచి, అందరి ఎదుటా ఒక కోడిని కోశాను. కందనకాయకు పైన ఉండే చిన్న సంచిని చీల్చి చూపించాను. లోపలి గోడంతా ఎర్రటి రక్తపు చుక్కలు. ఇది కొక్కెర తెగులు, సూదివల్ల వచ్చేది కాదు, మేం రాకముందే ఊళ్ళో ఉంది అన్నాను.

ఒకావిడ వంగి చూసి, “అయ్యి సూది పోట్లే కదేటి? లోపలికి దిగిపోనాయి,” అంది. కొందరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అమ్మవారికి కోపమొస్తే ఆమెకే మొక్కుకుని పెంచిన, ఆ కుప్పలో పడి ఉన్న పుంజు కూడా ఎందుకు చచ్చిందని సన్యాసిరావును అడిగాను. ఆ ఊపులోనే జనం వైపు తిరిగి, టీకాకు ముందు ఎవరింట్లోనో కోడి కునికింది, ఆ ఇల్లెవరిదో ఇప్పుడే చెప్పాలని నిలదీశాను.

పైడమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని అంది: “మాయింట్లోనే బాబూ. గిరిరాజలు రెండు కునుకుతుంటే కోసీసినాం. సావనేదు గదా అని సెప్పనేదు.”

ఆ ప్రాంతపు అలవాటు నాకు అప్పుడు తెలిసింది. దానంతట అది చచ్చిన కోడిని తినరు. అందుకని కునికిన కోడిని ప్రాణం ఉండగానే కోసి కూర వండుకుంటారు. అది వాళ్ళ లెక్కలో చావు కాదు, వంట. ఈకలూ పేగులూ పెంటకుప్ప మీద పారేస్తారు. ఆ కుప్పనే ఊరి కోళ్ళన్నీ కెలుకుతాయి. తెగులు ఊరంతా పాకింది అలాగే.

వాదం నేను గెలిచాను. అమ్మవారి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సన్యాసిరావు మాత్రం తాపీగా కండువా దులుపుకుని, “అయితే ఊరి కోళ్ళని సంపింది మా ఇంటి మనిషేనన్నమాట. బావుంది. డాక్టరుబాబే తేల్చీసినారు,” అన్నాడు.

ఆ మాటతో జనం చూపులన్నీ నా మీద నుంచి ఆమె మీదికి మళ్ళాయి. తెలియక జరిగింది, కూర ఇంటింటా వండుతారు, ఈమె ఒక్కతే నిజం చెప్పింది అని నేనన్నది ఎవరి చెవికీ ఎక్కలేదు. పెరట్లో మెడ ఈకల్లేని పెట్ట ఒక్కటే బతికి ఉంది. అది పాలుకిచ్చినది. దాని సొంతదారు దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది ఆ ఊళ్ళో టీకాల పని ఎన్నడూ లేనంత సాఫీగా జరిగింది. పిలవకుండానే కోళ్ళను పట్టుకుని వరుసగా నిలబడ్డారు. సన్యాసిరావు తన పుంజును తానే పట్టుకుని రెక్క విప్పి చూపించాడు. పైడమ్మ ఇంటి ముందు ఆగితే ఆమె గుమ్మంలో నుంచే చెప్పింది: “మాకేటీ నేవు బాబూ. ఎవులిస్తారు? ముందుకెళ్ళండి.” జీడితోటల్లో పిక్కలేరే కూలికి వెళుతోందని మా అటెండరు తర్వాత చెప్పాడు. కొత్త కోడిపిల్లలు ఇప్పిస్తానని కబురుపెట్టాను. వద్దంది. ఆమె పెంచిన కోడి పిల్లలను ఆ ఊళ్ళో ఎవరూ కొనరు, గుడ్డు కూడా తీసుకోరు.

తెగులు సూదివల్ల రాలేదన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఆ వాకిట్లో నేను చెప్పినదాంట్లో మార్చుకోవలసిన మాట ఒక్కటీ లేదు. మార్చుకున్నది పద్ధతి. రిటైరయ్యేదాకా చావుల గురించి అడగడంతో ఆగలేదు. ప్రతి ఇంటా విడిగా కూర్చుని, ఈ మధ్య కోడికూర వండారా, ఎందుకు కోశారు అని అడిగాను. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లకూ అదే చెప్పాను: కోడిని పదిమందిలో కొయ్యండి, ఆరా మాత్రం పదిమందిలో తియ్యకండి. తెగులు ఎలా వచ్చిందో ఊరికి తెలియాలి. ఎవరింటి నుంచి వచ్చిందో డాక్టరుకు తెలిస్తే చాలు.