దొంగ సదాపాకు

మా అమ్మాయి పురిటికి వచ్చేలోగా ఇంట్లో సదాపాకు మొక్క ఉండాలని మా అమ్మ పట్టు. పసిబిడ్డకు దిష్టి తగలకుండా ఆ ఆకు ఉయ్యాలకు కట్టాలట. చీపురుపల్లి నర్సరీలో రెండుసార్లు కొన్నాను. చెప్పిన ధర సగానికి కోయించి, గుప్పెడు ఎరువు కూడా ఉత్తినే లాగాను. రెండూ చచ్చాయి.

"అంత పీక పిసికి తెచ్చిన మొక్క ఏటి బతుకుతాదిరా?" అంది అమ్మ.

మా కిరాణా కొట్లో బేరాల్లేని ఒక మధ్యాహ్నం సదాపాకు ఎలా పెంచాలా అని ఫోన్లో వెతుకుతూ, తోవ తప్పి పాతకాలపు రోమన్ల పెరటితోటల్లోకి వెళ్లాను. వాళ్లు దీన్ని కూరల్లో వేసుకునేవారట. చూపు మందగించకూడదని చిత్రకారులు తినేవారట. అన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. దొంగిలించిన సదాపాకే బాగా నాటుకుంటుందని వాళ్ల నమ్మకం. ధర సున్నా! కొట్ల మధ్య పుట్టి పెరిగిన మా వంశంలో ఇంత మంచి బేరం ఎవరూ కొట్టి ఉండరు.

అరసవల్లిలో మా కొట్టుకి ఎదురు సందులో ఒక పిన్ని ఇంటి అరుగు మీద కుండీ నిండా సదాపాకు ఉంది. ఆవిడ ఏళ్ల తరబడి మా దగ్గరే సరుకులు కొంటుంది. అడిగితే ఇచ్చేదే. కానీ అడిగితే అది దొంగతనం ఎలా అవుతుంది? మర్నాడు పొద్దున్నే ఆవిడ లోపలికి వెళ్లడం చూసి ఒక కొమ్మ తుంచాను. ఘాటు వాసన గుప్పుమంది.

"ఎవులది?" అంటూ పిన్ని బయటికి వచ్చింది.

కొమ్మని జేబులో దాచాను. వాసనని ఎక్కడ దాచను? ఆవిడ గొంతెత్తితే సందంతా పోగవుతుంది. కుండీల దొంగ తూకాన్ని రేపటినుంచి ఎవరు నమ్ముతారు?

"ఏటి సావుకారూ, అడిగితే నానివ్వనా?"

"ఇస్తావు పిన్నీ, నాకు తెల్దా? ఇస్తే బతకదంట. పూర్వం రోమన్లని..."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. "ఆల్లెవులో నాకు తెల్దు గానీ, మా యత్త కూడా ఇదే మాట సెప్పింది. ఇదీ దొంగమొక్కే. నౌపడలో మా ఆడబడుసు పెరట్లోంచి తెచ్చినాను. ఎల్లు, నాను సూడనేదు." అని గోడవైపు తిరిగి నిలబడింది.

నా ప్రాణం కుదుటపడింది. అది కుదుటపడగానే బుద్ధి మామూలైంది.

"పిన్నీ, ఇంకో నిమిషం అలగే ఉండు. ఇంకో కొమ్మ తుంచుకుంతాను."

"బేగి కానీ. మెడ నొప్పెడతన్నాది."

నెల తిరిగేసరికి రెండు కొమ్మలూ చిగురేశాయి. ఎంతకు కొన్నావని అమ్మ అడిగింది. కొనలేదన్నాను. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.