ఆవుల కళ్ళు తుడిచిన మేనేజరు

ఆ డెయిరీ మేనేజరుకు పనివాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు 'నాకుతెలుసు'. ఎవరేం చెప్పబోయినా ఆయన సగంలోనే ఆ మాట అనేవాడు. వాన రాబోతోందని చెప్పినా అదే, చొక్కా గుండీ ఊడిందని చెప్పినా అదే. అయితే ఆవులంటే మాత్రం ఆయనకు ప్రాణం. భార్యను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు కానీ, పాకలో ప్రతి ఆవుకూ ఒక ముద్దుపేరు ఉండేది.

ఆ ఎండాకాలం ఎర్రావుకు ఒక కంటినుంచి నీరు ధారగా కారడం మొదలైంది. వెలుగు భరించలేక అది కన్ను మూసుకునే మేత మేసేది. పాలు పితికే ఆవిడ అది చూపించి, "పశువుల డాక్టరమ్మకి కబురు పెట్టమంటారా సార్?" అని అడిగింది.

"నాకు తెలుసు. వేడి చేసింది, అంతే" అన్నాడు.

భుజంమీది తువ్వాలు గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పసిపిల్లకు తుడిచినట్టు ఆ కన్ను తుడిచాడు. పనిలో పనిగా పక్క ఆవుకూ తుడిచాడు. ఒకదాన్ని ముద్దుచేసి ఇంకొకదాన్ని చిన్నబుచ్చడం ఆయనకు చేతకాదు. అది మొదలు పొద్దునా సాయంత్రమూ పాక ఈ చివరినుంచి ఆ చివరిదాకా అదే తువ్వాలుతో అన్నిటి కళ్ళూ తుడిచేవాడు.

చూస్తూండగానే సగం పాక కన్నీళ్ళు పెట్టుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి, కొన్నింటికి నల్లగుడ్డుమీద తెల్లటి పొర కమ్మింది. జబ్బు పెరిగేకొద్దీ ఆయన సేవ పెరిగింది. సేవ పెరిగేకొద్దీ జబ్బు ఇంకా పెరిగింది. పై ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, ఇంత అంకితభావం తామెక్కడా చూడలేదన్నారు. ఆయన ఆవు కన్ను తుడుస్తుండగా ఫోటో తీయించి, పటం కట్టించి ఆఫీసుగదిలో తగిలించారు. డాక్టరును పిలిపించాలన్న ఆలోచన మాత్రం వాళ్ళకూ రాలేదు.

ఆ ఆలోచన ఆయన భార్యకు వచ్చింది. "ఏవండీ, పాలు సగానికి పడిపోయాయట. ఆ డాక్టరమ్మని ఒక్కసారి పిలవరాదూ?"

"నాకు తెలుసు."

"తెలిస్తే తగ్గాలిగా మరి" అని ఆవిడ కూర వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు ముద్ద దిగలేదు. మర్నాడు కబురు వెళ్ళింది.

డాక్టరమ్మ వచ్చి, దూది చుట్టిన పుల్లలతో ఆవుల కంటినీరు తీసి ల్యాబుకు పంపింది. ఫలితం వచ్చాక ఆఫీసుగదిలో కూర్చుని చెప్పింది. "ఇది మొరాక్సెల్లా అనే బాక్టీరియా పని సార్. దానికి సన్నటి నూగు ఉంటుంది. దాంతో కంటిపొరని పట్టుకుందంటే వదలదు. ఎండకీ దుమ్ముకీ కన్ను ఒరుసుకుపోతే దానికి ఇంకా సులువు. ఒక కంటినుంచి ఇంకో కంటికి ఈగలు మోస్తాయి."

"నాకు తెలుసు. మొదట్నించీ నా అనుమానం ఈగలమీదే."

ఆమె తలెత్తి గోడమీది పటం చూసింది. కాసేపు చూస్తూనే ఉంది.

"అన్నిటికీ ఆ ఒక్క తువ్వాలేనా సార్?"

"ఒక్కటే" అన్నాడాయన గర్వంగా. అన్నాకగానీ ఆ మాట ఆయనకు సరిగ్గా వినిపించలేదు.

"ఈగలు కూడా ఇంత శ్రద్ధగా మొయ్యవు సార్" అందామె మెల్లగా.

ఆయన లేచి పాకలోకి నడిచాడు. ఎర్రావు అలవాటుకొద్దీ, తుడుస్తాడని మొహం ముందుకు చాపింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

జబ్బు ఆవుల్ని విడిగా నీడన కట్టారు. ఇంజెక్షన్లు పడ్డాయి, ఈగలకు మందు చల్లారు. ఒక ఆవును ముట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే ఇంకో ఆవు దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు, తనతో సహా. చాలావాటికి నయమైంది. ఎర్రావుకు మాత్రం ఆ కన్ను పోయింది.

జబ్బును అదుపు చేసినందుకు పై ఆఫీసువాళ్ళు ఆయనకు సన్మాన సభ పెట్టారు. మైకు ముందు నిలబడి, ఆ జబ్బును పాకంతా తిప్పింది తానేనని ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎంత వినయమో అని వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

చలికాలంలో ఎర్రావు ఈనింది. దూడ ఆ పోయిన కంటివైపుకు వెళ్తే, అది కనబడక ఎర్రావు తల్లడిల్లి అరిచేది. ఆయన ఎక్కడున్నా పరుగున వచ్చి, దూడను మెల్లగా ఇవతలి వైపుకు నడిపించి నిలబెట్టేవాడు.