తెగితే మోగే గంట

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది, మస్కట్ పాత పేటలోని మునిసిపల్ అలారం భవనం మరమ్మతులకు నన్ను సైట్ రికార్డ్స్ అసిస్టెంట్‌గా వేశారు. ఫోన్లు అరుదైన కాలంలో వీధుల్లోని అలారం పెట్టెల తీగలన్నీ అక్కడికే చేరేవి. అక్కడ గంట మోగితే ఫైర్ స్టేషన్‌కు కబురు వెళ్లేది. పాత తీగలు తీసేసి దాన్ని మ్యూజియంగా మార్చాలి. కోసే ముందు ప్రతి తీగకూ ఫొటో తీసి చీటీ కట్టడం నా పని. మాట్లాడే అవసరం తక్కువ కనుక నాకు నచ్చింది.

కోసేది జగిత్యాల మల్లేశన్న. టెస్టర్ ఆనిస్తే లైటు వెలగకపోతేనే కోయాలని నియమం. ఒక ఉదయం అలాగే చూసి, "ఇది సచ్చింది చెల్లె, ఫొటో తియ్" అని కోశాడు. కాసేపటికి ఫైర్ ఇంజన్ గుమ్మంలో ఆగింది. గోదాముల పెట్టె గంట మోగిందని, అక్కడ మంట లేక తీగ వెంట ఇటు వచ్చామని ఫైర్ ఆఫీసర్ చెప్పారు.

"మంట ఏడుందో మాకూ జూపెట్టుర్రి" అన్నాడు మల్లేశన్న నవ్వుతూ.

ఫోర్‌మన్ ప్రసాద్ గారు నవ్వలేదు. "టెస్టర్ పెట్టకుండా కోసేశావు కదరా? ముదీర్ రానీ, ఇంటికి టికెట్ కొట్టిస్తాడు."

ముదీర్ అంటే మా మేనేజర్. మల్లేశన్న వీసా రెన్యూవల్ ఆ వారమే ఆయన బల్ల మీద ఉంది. మల్లేశన్న నవ్వు ఆగిపోయింది.

టెస్టర్ పెట్టడం చూసింది నేనొక్కదాన్నే. ముదీర్ వచ్చాక, మాటల్లో చెప్పే బదులు, మల్లేశన్న చేతిలోని టెస్టర్ తీసుకుని, ఆ పెట్టెకే వెళ్లే రెండో తీగకు ఆనించాను. వెలగలేదు. "ఇదీ చచ్చిందేనా సార్?" అని ఫైర్ ఆఫీసర్‌ను హిందీలో అడిగాను.

ఆయన తెగిన తీగను కలిపించి, స్టేషన్‌కు ఫోన్ చేసి, నేను చూపిన తీగ మర ఊడదీశారు. ఫోన్‌లో స్టేషన్ గంట మా అందరికీ వినిపించింది. అలారం తీగలో టెస్టర్‌ను వెలిగించలేనంత చిన్న కరెంటు ఎప్పుడూ పారుతుందని, అది ఆగినప్పుడే గంట మోగుతుందని ఆయన వివరించారు. మంటల్లో తీగ కాలినా కబురు అందాలని అలా కట్టారట. గోదాముల లైను ఇంకా పనిలో ఉందని, దాని గంట ఇప్పుడు స్టేషన్‌లోనే ఉందని మాకెవరూ చెప్పలేదు.

 సాయంత్రం మల్లేశన్న వీసా కాగితం ముదీర్ సంతకంతో వచ్చింది. మర్నాటి నుంచి కోసే ముందు స్టేషన్‌కు ఫోన్ చేయాలన్నారు. "నోరు విప్పావుగా అమ్మాయ్, ఇక ఆ డ్యూటీ నీదే" అన్నారు ప్రసాద్ గారు.

ఇప్పుడా ఉద్యోగంలో లేను. అక్కడ నేర్చుకున్నది ఇంతే: లైటు వెలగలేదంటే తీగ చచ్చిందని కాదు. కోసే ముందు అవతలి కొసన ఉన్నవాళ్లను అడగాలి.