వయోలా ఒక్కటే

మేం నలుగురం. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. పటాన్‌చెరులో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీది గదిలో ఆదివారాలు సాధన చేసేవాళ్లం. ఈ కాలపు స్వరకర్తలు కొత్తగా రాసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి ముట్టుకోమని ఒట్టు. ఆ ఒట్టు పెట్టింది నేనే. "సినిమా పాట ఒక్కటన్న కొట్టుండ్రి సార్" అని దుకాణాయన అడిగితే కస్సుమనేవాణ్ణి. మొదటి వయొలిన్ నాది కదా, పొగరూ నాదే.

వయోలా అమ్మాయి గడ్డపోతారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. వయోలా అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు బొంగురు. మిగతా మూడింటి మధ్య అది విడిగా వినబడదు. హత్నూరలో సేద్యం చేసుకునే వాళ్ల నాన్న మా కచేరీ విన్న ప్రతిసారీ అదే అనేవాడట: "అన్నీ కలిసిపోతున్నయ్ బిడ్డా, గండ్ల నీది ఏదో నాకెట్ల తెలుస్తది?"

చివరికి ఆమె వంతు వచ్చింది. సంగారెడ్డి కాలేజీ హాల్లో వాయించబోయే కొత్త రచనలో, ముగింపుకు ముందు నలుగురం కమానులు గాల్లోకెత్తి అర నిమిషం కదలకుండా ఉండాలి. ఆ నిశ్శబ్దం తర్వాత రెండు నిమిషాలు వయోలా ఒక్కటే. ఆ రెండు నిమిషాల కోసం మూడు నెలలు షిఫ్టు దిగి తిన్నగా గదికే వచ్చి సాధన చేసింది. వాళ్ల నాన్న బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

నిశ్శబ్దం మొదలైంది. పది లెక్కపెట్టానో లేదో, వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. ఇంకా కూర్చుంటే వాయించడం మరిచిపోయామనుకుంటారేమోనని నాకు ఒకటే భయం. "లెక్క తప్పితే ఊరుకోను" అని ఆ ముగ్గురినీ మూడు నెలలు వేపుకుతిన్న నేనే లేచి దండం పెట్టేశాను. ఇక వాళ్లు మాత్రం ఏం చేస్తారు, లేచారు.

వాళ్ల నాన్న వేదిక దగ్గరికొచ్చాడు. "బిడ్డా, నువ్వొక్కదానివే కొట్టేది ఎప్పుడు?"

ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. "అయిపోయింది బాపూ."

"అరె! నా చెవులు పాడుగాను, నాకే ఇనరాలే."

"కూర్చో తల్లీ, ఇప్పుడు వాయించు" అని నేనంటే సరిపోయేది. రెండంటే రెండు నిమిషాలు! కానీ అలా అంటే తప్పు నాదని పదిమందిలో ఒప్పుకోవాలి. ఛీ, నా బతుకు! వంగి నా వయొలిన్ పెట్టెలో సర్దుకున్నాను. ఆ పెద్దమనిషి తన చెవులను తానే తిట్టుకుంటూ బస్టాండుకు వెళ్లిపోయాడు.