మబ్బు చాటు దొరగారు

సూజౌ పట్నంలో మా వీధి పొడవునా జేడ్ రాయి పనివాళ్లే. వాళ్లలో మనుషుల ముఖాలు తీయడంలో తాన్ బోలిన్‌ను మించినవాడు లేడు. చిక్కుడు గింజంత తలలో కూడా విసుగు చూపించేవాడు. జేడ్ ఉలికి లొంగదు. కాలితో తొక్కి తిప్పే చక్రం కింద తడి ఇసుక పోస్తూ నెలల తరబడి అరగదీయాలి. ఆ పనిలో బోలిన్‌కు నడుం వంగింది, మాట తగ్గింది. మాట లోటు భార్య ష్యూజెన్ తీర్చేది.

ఉప్పు పన్నుల కొలువు నుంచి దిగిపోయిన యాన్ దొరగారు ఒకసారి గుమ్మడికాయంత రాయి పంపారు. దాని మీద కొండ, జలపాతం, దేవదారు చెట్లు, చేతికర్రతో ఆ కొండ ఎక్కుతున్న ముని కావాలి. ముని ముఖం మాత్రం దొరగారిది.

"కాస్త సన్నగా చెక్కవోయ్," అన్నారు. ఆయన పల్లకి ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

పద్నాలుగు నెలల పని. ఇక మెరుగు పెట్టి ఇచ్చేయడమే అనుకుంటుండగా, రాయి లోపల దాగిన పగులు విచ్చుకుంది. ముని నడుం పైనంతా ఊడి ఇసుక తొట్టిలో పడింది.

బోలిన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ష్యూజెన్ ఆ ముక్కను తిప్పి చూసింది.

"ఏడిస్తే అతుక్కుంటాడా? పై సగం పోయాక ఆ కాళ్లెందుకు? అవీ అరగదీసి మబ్బు చెయ్యి."

"దొరకేం చెప్పను?"

"నువ్వేం చెప్పకు. నీకు చెప్పడం రాదు. నేనూ వస్తా."

దొరగారి చదువుగదిలో రాయి మీద గుడ్డ తీశారు. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"నేనెక్కడోయ్?"

బోలిన్ నేలచూపులు చూశాడు.

"తమరు పైకెళ్లిపోయారు దొరా," అంది ష్యూజెన్. వెంటనే నాలుక కరుచుకుని సర్దింది. "అంటే, కొండ పైకి. మబ్బు దాటేశారు. కిందున్న మాలాంటోళ్లకి ఎలా కనబడతారు?"

దొరగారు ఆ మబ్బును వేలితో తడిమారు. తర్వాత కళ్లు తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల కొలువులో ఆయన గురించి అంత మంచిమాట ఎవరూ అనలేదట. ఆ వారమే స్నేహితులను పిలిచి, టీ పోయించి, రాయి చూపించారు. పండితులు తలలూపారు. ఒకాయన మబ్బులోంచి దొరగారి గడ్డం కొస కనిపిస్తోందన్నాడు. ఇంకొకాయనకు చేతికర్ర కూడా కనిపించింది.

ఇక ప్రతి పెద్దింటికీ మనిషి కనబడని కొండే కావలసి వచ్చింది. వీధంతా బోలిన్ అదృష్టం చూసి కుళ్లుకుంది. అతను మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయాడు.

"ముఖాలు నేర్చుకోడానికి కళ్లు పోగొట్టుకున్నా," అన్నాడు, వీధి చివర నేను నడిపే కొట్లో నూడుల్స్ తింటూ. "ఇప్పుడు కనబడనోళ్లని చెక్కమంటున్నారు. మబ్బులు, చక్రం తొక్కడం కూడా రాని మా అల్లుడైనా చెక్కుతాడు."

నాలుగో కొండ అప్పగించాక, మిగిలిన అరచేతంత ముక్కలో ష్యూజెన్‌ను చెక్కాడు. నడుం మీద చెయ్యి, తెరిచిన నోరు, ఎవరినో తిడుతోంది. అతను చేసిన వాటన్నిటిలో ప్రాణం ఉన్నది అదొక్కటే అంటాను నేను. నేను చదువుకున్నవాణ్ణి కాను, నా మాటకు విలువ లేదు.

ఆమె దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

"నా నడుం ఇంత లావా?"

బోలిన్ రెండు రోజులు కూర్చుని ఆ నడుం అరగదీశాడు. నోటి జోలికి మాత్రం పోలేదు.